పోయిన ఉంగరాన్ని మెటల్ డిటెక్టర్‌తో వెతకడం: గోదావరి డెల్టాలో ఎలా చేయాలి

వేలి నుంచి ఉంగరం జారిందని తెలియగానే ఎవరైనా చేసే మొదటి పని వంగి రెండు చేతులతో నేలను కెలకడం. చేయకూడని మొదటి పనీ అదే. పొడి ఇసుకను కెలికిన కొద్దీ ఉంగరం ఇంకాస్త దిగుతుంది. దమ్ము చేసిన మడిలో అయితే వెతికేవాళ్ల పాదాలే దాన్ని అడుగుకు తొక్కేస్తాయి. సాయానికి వచ్చిన నలుగురూ నాలుగు వైపులా తవ్వి పోశాక, ఎంత మంచి యంత్రం తెచ్చినా పని రెట్టింపవుతుంది.

అందుకే ముందు కదలకుండా నిలబడండి. నిలబడిన చోట ఒక కర్ర గుచ్చండి, కర్ర దొరక్కపోతే చెప్పులు విడిచిపెట్టండి. అక్కడి నుంచి కదలని గుర్తులు రెండు చూసుకోండి: ఒక కొబ్బరిచెట్టు, ఒక కరెంటు స్తంభం. ఒక్కోదాని నుంచి ఎన్ని అడుగులో కొలిచి రాసుకోండి. ఫోనులో లొకేషన్ పెట్టుకోవడం మంచిదే కానీ అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఉంగరం వెతికేవారికి కొన్ని మీటర్లంటే ఒక పూట పని.

పొలంలో అయితే పంట బోదె నుంచి మడిలోకి వస్తున్న నీటిని కట్టేయించండి. దమ్ము చక్రాల ట్రాక్టరును ఆ మడిలోకి మళ్లీ దిగనివ్వకండి. ఒక్క చుట్టు తిరిగిందంటే ఉంగరం మడిలో ఏ మూలకైనా చేరవచ్చు.

ముందు మాటలు, తర్వాత యంత్రం

డిటెక్టర్ తెచ్చినవారు మొదట చేయవలసింది దాన్ని గోడకు ఆనించి, పోగొట్టుకున్న మనిషితో అరగంట కూర్చోవడం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నమ్మకమున్న అంచె ఇదే. కాయిల్, అంటే యంత్రం కొసన నేల మీద తిప్పే గుండ్రటి తీగచుట్ట, తన కింద జానెడు లోతును మాత్రమే చూడగలదు. ఎకరం పొలాన్ని పది గజాల చదరానికి కుదించగలిగింది ఆ మనిషి జ్ఞాపకమే.

“ఇక్కడే పడిందండి” అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ మాటను నమ్మండి కానీ పూర్తిగా నమ్మకండి. చాలాసార్లు వాళ్లు చూపించేది ఉంగరం పడిన చోటు కాదు, వేలికి లేదని గమనించిన చోటు. ఈ రెంటి మధ్య గంటలు, కిలోమీటర్లు ఉండవచ్చు. కనుక చివరిసారి కచ్చితంగా వేలికి ఎప్పుడు చూశారో అడగండి. ఆ రోజు ఫోనులో తీసిన ఫొటోలన్నీ తిప్పించండి. పదింటి ఫొటోలో ఉంగరం ఉండి, పన్నెండింటి ఫొటోలో లేకపోతే వెతకాల్సింది ఆ రెండు గంటల్లో తిరిగిన చోట్లే. పెళ్లిళ్లలో, సంక్రాంతి సెలవుల్లో పోయిన నగలకు ఇది చాలా బాగా పనికొస్తుంది, ఎవరో ఒకరి ఫోనులో ఆ చేయి పడే ఉంటుంది.

తర్వాతి ప్రశ్నలు: ఏ చేయి, ఏ వేలు? ఉంగరం వదులా, బిగువా? ఈ మధ్య జ్వరం వచ్చి చిక్కారా? చేతికి నూనె, సబ్బు, పసుపు ఉన్నాయా? అప్పుడు ఏం చేస్తున్నారు? చల్లని నీళ్లలో మునిగితే వేళ్లు సన్నబడతాయి, కార్తీక స్నానాల్లో ఉంగరాలు జారడానికి ఇదే కారణం. విసురు వల వేస్తుండగానో, కడిగిన చేతులు విదిలిస్తుండగానో పోతే ఉంగరం కాళ్ల దగ్గర పడదు, ఎగిరి దూరంగా పడుతుంది. ఎంత దూరమో తెలుసుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది. ఉంగరం బరువుకు దగ్గరగా ఉండే ఇనుప వాషర్లు నాలుగైదు తీసుకుని, అదే మనిషిని అదే చోట నిలబెట్టి, అదే కదలికతో వదలమనండి. అవి పడిన మేరే మీ మొదటి చదరం. అరకాసు ఉంగరమంటే నాలుగు గ్రాములు, కాసుంపావు అంటే పది, దాన్ని బట్టి వాషర్లు ఎంచుకోండి. ఇనుపవి కాబట్టి తర్వాత అయస్కాంతంతో ఏరేయవచ్చు.

ఈ మాటలు జరిగేటప్పుడు చుట్టూ జనం లేకుండా చూసుకోండి. “నేను ముందే చెప్పాను” అనే అత్తగారి ఎదుట ఏ కోడలికీ ఏదీ గుర్తుకు రాదు.

ఇంట్లో వెతికారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి. పరుపు అంచు, బట్టలు ఉతికే యంత్రం రబ్బరు మడత, బండి డిక్కీ, వంటింటి తొట్టి కింద గొట్టం వంపు, పిండి కలిపిన గిన్నె, దేవుడి దగ్గర తీసేసిన నిర్మాల్యం సంచి, పశువుల పాక పక్కన పెంటకుప్ప. వీటిలో చివరి రెండిటినీ డిటెక్టర్‌తో చూడటం చాలా తేలిక, ఆకులో పేడలో లోహం ఉండదు. వరిగడ్డి వాము కూడా అంతే. గదిలో అయితే ఇనుప మంచం పక్కకు జరపండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తూటాను వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేసి తెస్తే, పరుపులోని లోహపు స్ప్రింగులే దాన్ని గందరగోళపరిచాయని చెబుతారు.

ఉంగరం ఎలా పలుకుతుంది

కాయిల్‌లోని విద్యుత్తు ఎప్పటికప్పుడు మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలు తిరిగి పంపే చిన్న క్షేత్రాన్ని యంత్రం పట్టుకుని మనకు చప్పుడుగా, తెర మీద అంకెగా చూపిస్తుంది. ప్రవాహం గుండ్రంగా తిరగడానికి ఉంగరం కన్నా అనువైన ఆకారం లేదు. అందుకే అంత చిన్న వస్తువైనా గట్టిగా పలుకుతుంది.

అదే ఉంగరం ఒకచోట తెగి ఉంటే చప్పుడు బాగా పడిపోతుంది. కొసలు కలవని మట్టెలు కూడా అంతే, వెండివే అయినా బలహీనంగా పలుకుతాయి. సన్నని గొలుసులు ఇంకా కష్టం. గొలుసు ఎంత బరువున్నా యంత్రానికి అది విడివిడి చిన్న కడియాల వరుస మాత్రమే. నల్లపూసల గొలుసు పోతే గొలుసు కోసం కాకుండా కొక్కెం కోసం, పుస్తెల కోసం, లాకెట్టు కోసం వెతకండి.

ఇక బంగారంతో వచ్చే పెద్ద చిక్కు: సన్నని బంగారు ఉంగరం, మాత్రల అట్ట మీది అల్యూమినియం రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మీది లాగే చెవి, వలకు కట్టే సీసపు గుళ్లు, ఇవన్నీ దాదాపు ఒకే మేరలో పలుకుతాయి. చెత్తను వినిపించకుండా చేసే డిస్క్రిమినేషన్ మీటను తిప్పి రేకును తీసేశారంటే దానితో పాటు ఉంగరాన్నీ తీసేసినట్టే. ఇనుమును మాత్రం తగ్గించుకుని మిగతావన్నీ తవ్వడానికి సిద్ధపడండి. ఓపిక లేనివారికి ఈ పని నప్పదు.

అంకె ఎంత రావాలో ఊహించనవసరం లేదు. అదే ఇంట్లో అదే రకం ఉంగరం మరొకటి ఉంటుంది, పెళ్లినాటి జతలో రెండోదైనా సరే. దానికి ఒక పొడవాటి దారం కట్టి, వెతకబోయే నేలలోనే నాలుగు వేళ్ల లోతున పాతి కాయిల్‌ను దాని మీద తిప్పండి. తర్వాత జానెడు లోతున పాతి మళ్లీ తిప్పండి. చప్పుడును చెవికి ఎక్కించుకోండి, అంకెను రాసుకోండి. 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే కాబట్టి రాగి, వెండి ఎక్కువ కలిసిన 18 క్యారెట్ల ఉంగరం కన్నా అది పైఅంకె దగ్గర పలుకుతుంది. మందమైన మగవారి ఉంగరం ఇంకా పైన, ఆడపిల్ల సన్నుంగరం బాగా కింద. దారాన్ని మాత్రం మరవకండి, ఒకదాని కోసం వెళ్లి రెండు పోగొట్టుకుంటే ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేరు.

ఏ యంత్రం

గుడి వాకిట్లో, సినిమా హాలు దగ్గర ఒంటికి తడిమే చేతి డిటెక్టర్ ఈ పనికి రాదు. దాని చూపు కొన్ని అంగుళాలే. రెండు ఇత్తడి కమ్మీలు పట్టుకుని నడిస్తే అర కిలోమీటరు దూరాన ఉన్న బంగారాన్ని చూపిస్తుందని అమ్మేవి పచ్చి మోసం, గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్లను ముంచడానికి పుట్టినవి.

తోటలో, పొలంలో, గోదావరి పొడి ఇసుకలో మామూలు ఒకే పౌనఃపున్యపు యంత్రం చాలు. 6.5 కిలోహెర్ట్జ్‌తో పనిచేసే గ్యారెట్ ఏస్ 250 లాంటి పాతదైనా పెద్ద ఉంగరాన్ని పట్టేస్తుంది. సన్నని బంగారానికి 15 కిలోహెర్ట్జ్ పైన పనిచేసేవి మెరుగు. సముద్రపు తడి ఇసుకకు వస్తే కథ మారుతుంది: ఉప్పునీరు కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక నేలంతా ఒక పెద్ద రేకులా గొణుగుతుంది. అక్కడ ఒకేసారి అనేక పౌనఃపున్యాలతో పనిచేసే మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటి యంత్రం కావాలి. క్షేత్రాన్ని ఆగి ఆగి పంపే పల్స్ ఇండక్షన్ రకం ఉప్పుకు, నల్ల ఇసుకకు చెక్కుచెదరదు కానీ ఇనుమును వేరు చేసి చెప్పడంలో చాలా వెనుకబడి ఉంటుంది. ప్రతి మేకునూ తవ్విస్తుంది.

జానెడు పొడవుండే పిన్‌పాయింటర్ ఒకటి తప్పక కొనుక్కోండి. తవ్విన మట్టిలో ఉంగరం ఎక్కడుందో చూపేది అదే. వాన మొదలయ్యే కాలమైతే కాయిల్ మాత్రమే తడవవచ్చా, పై పెట్టె కూడా తడవవచ్చా అన్నది కొనే ముందే చూసుకోండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సన్నని చప్పుళ్లు తెలుస్తాయి, పైగా చుట్టూ చేరినవారి సలహాలు వినపడవు.

డెల్టాలో నేల ఒకటి కాదు

ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా, వసిష్ఠ నుంచి విడిన వైనతేయగా సముద్రానికి చేరే లోపు నేల అనేకసార్లు మారుతుంది. ఒక చోట పనికొచ్చిన అమరిక ఇంకో చోట పనికిరాదు.

వరిమళ్లు. ఊడ్పుల రోజుల్లో జారిన ఉంగరం మెత్తని దమ్ములో కిందికి దిగుతూ పోయి ఒకచోట ఆగుతుంది. ఏటా దమ్ము చేసే పొలంలో జానెడు లోతున గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది, నీరు ఇంకకుండా మడి నిలబడేది ఆ పొర వల్లే. ఉంగరం సాధారణంగా ఆ పొర మీదే కూర్చుంటుంది. మామూలు యంత్రం చూడగలిగే లోతు కూడా సుమారుగా అంతే. అంటే పొలంలో పోయింది దొరికే అవకాశం జనం అనుకునేదానికన్నా ఎక్కువ. నాటిన మడిని తొక్కడం రైతుకు ఇష్టముండదు, తొక్కనూ కూడదు. చదరం చిన్నదైతే వరుసల మధ్య నుంచి చిన్న కాయిల్‌తో చూడండి. లేకపోతే కోత దాకా ఆగండి. బంగారం తుప్పు పట్టదు, ఎక్కడికీ పోదు. కోత అయ్యాక నేల ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే వెళ్లండి. దాళ్వా (రబీ వరి) కోసిన తర్వాత ఎండలకు నల్లమట్టి నెర్రెలు విచ్చుకుంటే పైన పడింది నెర్రెలో నుంచి మోచేతి లోతుకు జారిపోవచ్చు.

కొబ్బరితోటలు. ఇది అన్నిటికన్నా సులువు. ఉంగరం రాలిన ఆకు మీదో, ఆకు కిందో ఉంటుంది, నేలలో దిగదు. ఆకును ఊడ్చేయకుండా దాని మీదే కాయిల్ తిప్పండి. చెట్టు మొదళ్ల దగ్గర వేళ్లు నరకకండి.

చేపల, రొయ్యల చెరువులు. పట్టుబడి అయ్యి నీళ్లు తోడేశాకే దిగండి. ఏరేటర్ల మోటార్లు నడుస్తుంటే యంత్రం అదేపనిగా కీచుమంటుంది, యజమానిని అడిగి కరెంటు తీయించండి. గట్టున వేలాడే వైర్ల విషయంలో యజమాని మాట మీద కూడా ఆధారపడకుండా మెయిన్ స్విచ్ మీ కళ్లతో చూడండి.

కాలువలు, రేవులు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి ఈ జిల్లాల జీవితమంతా కాలువ గట్ల మీదే. స్నానాలు, బట్టలు, పశువులు, వినాయక నిమజ్జనాలు అన్నీ అక్కడే. ఉంగరాలు పోయేదీ అక్కడే. నీరు పారుతున్న కాలువలో వెతకడం దండగ, ప్రమాదం కూడా. సాధారణంగా దాళ్వా చివరి తడి అందాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి, జూన్‌లో సార్వాకు (ఖరీఫ్ వరికి) మళ్లీ వదులుతారు. ఆ నడుమ రోజులే మీ అదను. పూడిక తీసే యంత్రాలు దిగకముందే వెళ్లాలి. రేవు మెట్లు సిమెంటువైతే లోపలి ఇనుప చువ్వలు ప్రతి అడుగునా పలుకుతాయి కనుక అక్కడ డిటెక్టర్ పక్కన పెట్టి, మెట్ల సందులను కంటితో, వెదురు పుల్లతో చూడండి. మెట్లు అయిపోయి మట్టి మొదలయ్యే చోట మళ్లీ యంత్రం పట్టండి.

రాజమహేంద్రవరం, కొవ్వూరు, కోటిపల్లి లాంటి పెద్ద రేవుల్లో ఇంకో తంటా నాణేలు. భక్తులు తరాలుగా గోదారమ్మకు వేసిన చిల్లర అడుగంతా పరుచుకుని ఉంటుంది. 2015 పుష్కరాల్లో వేసినవే చాలు, మళ్లీ 2027 పుష్కరాలు వస్తున్నాయి. తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర లాగే పిల్లలను చూసి, అలాగే ఉంగరమూ వస్తుందనుకోకండి. స్టీలు నాణెం అంటుకుంటుంది, బంగారం అంటుకోదు. అయితే ఆ అయస్కాంతం మీకు వేరే విధంగా మేలు చేస్తుంది: ముందు దానితో ఇనుమూ స్టీలూ ఏరేస్తే తర్వాత డిటెక్టర్‌కు గోల తగ్గుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజుల్లో ఏ రేవులోనూ దిగకండి. మామూలు రోజుల్లో కూడా మోకాలు దాటిన నీటిలోకి ఒంటరిగా వెళ్లవద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు.

లంకల ఇసుక, తిప్పలు వెతకడానికి హాయైన చోటు. ఇసుక తేలిగ్గా తవ్వుడు పడుతుంది, ఖనిజాల గోల తక్కువ. కానీ గడువు ఉంది. ఒక్క పెద్ద వరద చాలు, తిప్ప మీద కొత్త ఇసుక మేట వేయడానికి. 1986 ఆగస్టులో, 2022 జూలైలో వచ్చిన వరదలు లంకల రూపురేఖలే మార్చాయి. వేసవిలో పోయింది వేసవిలోనే వెతకండి.

సముద్ర తీరం

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, కాకినాడ, ఉప్పాడ. సెలవు రోజున వీటిలో ఎక్కడికి వెళ్లినా అలల్లో దిగి కేరింతలు కొట్టేవారిలో ఎవరో ఒకరి వేలు ఖాళీ అవుతుంది. ఇక్కడ వెతకడానికి గడియారం కన్నా పంచాంగం ముఖ్యం.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి ఆటుకూ నడుమ సుమారు ఆరు గంటలు. రోజురోజుకూ వేళ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు అన్నిటికన్నా ఎక్కువ దూరం వెనక్కి వెళుతుంది. ఉంగరం నడుము లోతు నీటిలో పోయినా, పౌర్ణమి ఆటు వేళకు ఆ చోటు చీలమండ లోతులోకో తడి ఇసుకలోకో రావచ్చు. వేళ తెలియకపోతే అక్కడి వేటకారులను అడగండి, ఏ యాప్ కన్నా కచ్చితంగా చెబుతారు. ఆటు ముగియడానికి రెండు గంటల ముందే చేరి, వెనక్కి తగ్గే నీటి వెంట లోపలికి నడుస్తూ వెతకండి. నీరు తిరిగిందంటే మీరూ తిరగాలి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం నీటిలో అడుగు పెట్టవద్దు, ఆటు వేళ అక్కడి ఒరవడి పెద్ద పడవలనే లాగుతుంది.

యంత్రం అమరిక: బీచ్ అమరికలో పెట్టి, తడి ఇసుక మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల గొణుగుడును యంత్రం పట్టించుకోకుండా సరిచేయడం) చేయండి. పొడి ఇసుక మీద చేసింది తడిలో పనికిరాదు. సెన్సిటివిటీని, అంటే యంత్రం ఎంత సన్నని సంకేతానికి పలకాలో చెప్పే అమరికను, తగ్గించండి, గొణుగుడు ఆగేదాకా. ఎక్కువ పెడితే ఎక్కువ లోతు చూస్తుందన్న ఆశ ఉప్పు దగ్గర చెల్లదు. ఈ తీరంలో ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్ కలిసిన నల్ల ఇసుక చారలు కూడా ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లించి చూడండి. నల్ల పొడి గుత్తులుగా అంటుకుంటే ఆ చార మీద విడిగా మళ్లీ బ్యాలెన్స్ చేసుకోవాలి.

అలలు ఇసుకను బరువును బట్టి వేరుచేస్తాయి. నాణేలు, సీసపు గుళ్లు, గులకరాళ్లు ఒక వరుసలో దొరుకుతున్నాయంటే ఉంగరాన్ని కూడా ఆ వరుసలోనే ఆశించవచ్చు. గుల్ల ఇసుక మాత్రమే వస్తూ ఏ లోహమూ పలకకపోతే బరువైనవి ఇంకా కింద ఉన్నట్టు. ఉప్పాడ లాంటి కోతకు గురయ్యే తీరంలో ఇసుక రోజుల్లోనే కదిలిపోతుంది కాబట్టి మరుసటి ఆటుకే వెళ్లడం మంచిది, వచ్చే ఆదివారం దాకా ఆగకూడదు.

గళ్లు కట్టి వెతకడం

ఎక్కడైనా సరే, తోచిన వైపు నడుస్తూ ఊపడం పనికిరాదు. వెదురు మేకులు నాలుగు పాతి పురికొస కట్టండి. ఇనుప మేకులు వాడితే అవే పలుకుతాయి. చదరాన్ని మీటరు వెడల్పు బారులుగా విడదీసి ఒక్కో బారులో ముందుకు కదలండి. కాయిల్ నేలకు రెండు వేళ్ల ఎత్తులో, సమాంతరంగా ఉండాలి. ఊపు చివర పైకి లేపకూడదు, గడ్డి కోసే కొడవలిలా ఊపితే రెండు చివర్లా లోతు పోతుంది, తడి ఇసుకలో దొంగ చప్పుళ్లు కూడా వస్తాయి. ఒక ఊపు మీద తర్వాతి ఊపు సగం పడాలి. చదరం పూర్తయ్యాక అడ్డంగా బారులు కట్టి మళ్లీ మొదలుపెట్టండి. నిలువుగా పోతున్నప్పుడు మేకు మాటున దాక్కున్న ఉంగరం అడ్డంగా పోయేటప్పుడు పలకవచ్చు. నిలువుగా గుచ్చుకుని ఉన్న ఉంగరం కూడా అంతే.

మీ చేతికడియం, గడియారం తీసేయండి. ఫోను వెనక జేబులో ఉంచండి, ఇనుప ముక్కున్న బూట్లు వద్దు.

చప్పుడు వచ్చిన చోట ఆగి, అటూ ఇటూ ఊపండి. రెండు వైపులా ఒకేలా పలికితే పక్కకు తిరిగి అడ్డంగా ఊపండి. అప్పుడూ అలాగే పలికితే తవ్వండి. ఒకవైపే పలికి, తెగిపోతూ, అంకె ఎగిరిపడుతుంటే చాలాసార్లు అది ఇనుమే. సోడా సీసా మూత మాత్రం అనుభవం ఉన్నవారిని కూడా ఏమారుస్తుంది.

గుర్తు మీదే పార వేయకండి. జానెడు పక్కన దింపి మట్టిగడ్డను మొత్తంగా లేపి పట్టా మీద పెట్టండి. గోతిలో కాయిల్ మళ్లీ పెట్టి చూడండి. ఇంకా పలుకుతుంటే వస్తువు గోతిలోనే ఉంది, లేకపోతే పట్టా మీది గడ్డలో ఉంది. అక్కడి నుంచి పిన్‌పాయింటర్ పని. పార ఇనుప చివర ఉంగరానికి తగిలితే రాయి ఊడిపోతుంది, గీత పడుతుంది, కనుక చివరి నాలుగు వేళ్ల మట్టిని చేతులతోనే విడదీయండి. బురదైతే ప్లాస్టిక్ బేసిన్‌లో వేసి, నీళ్లు పోసి జల్లెడ పట్టండి. దొరికిన తర్వాత కూడా గోతిని ఒకసారి చూడండి, ఉంగరంతో పాటు ఊడిన రాయి పట్టు అందులో ఉండవచ్చు. గొయ్యి పూడ్చి కాలితో తొక్కి కదలండి. తవ్వి తీసిన రేకులు, మూతలు అక్కడే పడేయకుండా సంచిలో వేసుకుంటే వచ్చే ఏడు మళ్లీ అవే తవ్వే శ్రమ ఉండదు.

అనుమతి, చట్టం

మన ప్రాంతంలో డిటెక్టర్ పట్టుకున్నవారిని చూడగానే ఊరికి తోచేది గుప్తనిధుల వేట. ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం, రాత్రిళ్లు గుళ్ల దగ్గర తవ్వేవారు దొరికిన వార్తలు అందరూ చదివినవే. కాబట్టి పగలే వెళ్లండి, పోగొట్టుకున్న మనిషిని వెంట పెట్టుకుని వెళ్లండి. పొలమైతే యజమానిని, కౌలుకిచ్చి ఉంటే కౌలుదారునూ అడగండి. పంచాయతీ చెరువైతే సర్పంచికి, గుడి రేవైతే కార్యనిర్వహణాధికారికి చెప్పి రాతలో అనుమతి తీసుకోండి. ద్రాక్షారామం గుడి, ఆదుర్రు బౌద్ధ స్తూపం వంటి రక్షిత స్థలాల దగ్గర, కోరింగ అభయారణ్యంలో యంత్రాన్ని సంచిలోంచి తీయనేవద్దు. నిజంగా అక్కడే ఉంగరం పోతే అధికారులకు చెప్పి, వారి సమక్షంలో వారు చెప్పినట్టు చేయాలి.

వెతుకుతుంటే పాత నాణేల ముంత లాంటిది తగిలితే అది వేరే వ్యవహారం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. తవ్వడం ఆపి అలా చేయండి.

మీరు వెతకని ఉంగరం దొరికితే? దాన్ని ఉంచుకునే హక్కు మీకు లేదు. పాత శిక్షాస్మృతి 403వ సెక్షన్‌లో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఇదే: విలువైన ఉంగరం దొరికినవాడు యజమాని ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేయకుండా వెంటనే అమ్ముకుంటే నేరస్థుడు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 314వ సెక్షన్. యజమానిని కనుక్కోవడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. ఉంగరం లోపలివైపు భూతద్దంతో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాలు అమ్మే హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే చెందిన గుర్తింపు సంఖ్య, ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, నగల వ్యాపారి రిజిస్ట్రేషన్ వివరాలు కనిపిస్తాయి, దుకాణం దాకా వెళ్లే దారి దొరికినట్టే. అది లేకపోతే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. “ఉంగరం దొరికింది” అని మాత్రమే ఊళ్లో చెప్పండి, ఫొటో పెట్టకండి. రాయి రంగు, లోపల చెక్కిన అక్షరాలు, బరువు సరిగ్గా చెప్పగలిగినవారికే ఇవ్వండి.

ప్రతిఫలం సంగతి వెతకడానికి ముందే తేల్చుకోండి. దారి ఖర్చులు ఎవరివి, దొరికితే ఎంత, దొరక్కపోతే ఎంత అన్నది కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ గౌరవం. బహుమతి ప్రకటించిన యజమాని ఇవ్వనంటే దాని కోసం దావా వేసే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ దొరికించుకున్నవారికి ఇస్తుంది. అరకాసు ఉంగరం కోసం కోర్టు మెట్లెక్కడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించుకోండి.

దొరక్కపోతే

ఒక్కరోజులో దొరకనివి ఎన్నో ఉంటాయి. మీరు వచ్చేసేటప్పుడు యజమానికి ఒక కాగితం ఇవ్వండి. మొదట చూసుకున్న ఆ కొబ్బరిచెట్టు, ఆ కరెంటు స్తంభం గుర్తులుగా పెట్టి, మీరు వెతికిన చదరాలను గీసి, ఏ తేదీన ఏ కాయిల్‌తో చూశారో, నేల తడిగా ఉందో పొడిగా ఉందో రాయండి. మళ్లీ ఎప్పుడు వెతకాలో కూడా రాయండి: మడి అయితే సార్వా కోత మరునాడు, కాలువ అయితే నీళ్లు కట్టేసిన వారంలో, తీరమైతే వచ్చే అమావాస్య ఆటుకు. ఈ లోపు ఆ కాలువలో పూడిక తీసినా, గట్టు మట్టి ఎత్తి వేరేచోట పోసినా, ఎక్కడ పోశారో గుర్తుపెట్టుకోమని చెప్పండి. వెతకాల్సిన చోటు అప్పుడు ఆ కొత్త గట్టు అవుతుంది.